6 నుంచి 5040 దాకా

12ను శేషం లేకుండా భాగించే వాటిలో 12ను పక్కన పెడితే 1, 2, 3, 4, 6 మిగులుతాయి. వాటి మొత్తం 16, అసలును మించింది. 8కి అలా కూడితే 7 దగ్గరే ఆగుతుంది. 6కి మాత్రం సరిగ్గా 6. అధిక, న్యూన, పరిపూర్ణ సంఖ్యలనే ఈ విభజనను క్రీ.శ. 100 ప్రాంతంలో గెరాసా వాసి నికోమాకస్ తన అంకగణిత గ్రంథంలో వివరించాడు. ఆయనకు ఇందులో లెక్క ఎంతో నీతీ అంతే: అధిక సంఖ్యలు అవయవాలు ఎక్కువైన జంతువులట, న్యూన సంఖ్యలు అవయవాలు చాలనివట!

పరిపూర్ణ సంఖ్యలను పుట్టించే దారి అంతకు నాలుగు శతాబ్దాల ముందే యూక్లిడ్ చూపాడు. 1, 2, 4 అని రెట్టింపు చేస్తూ కూడుతూ పోవాలి. మొత్తం ప్రధాన సంఖ్య అయినచోట ఆగి, దాన్ని చివరి సంఖ్యతో గుణించాలి. 1, 2, 4 కలిస్తే 7. ఏడు నాలుగులు 28. నికోమాకస్‌కు తెలిసినవి 6, 28, 496, 8128 మాత్రమే. ఆ నాలుగింటినే చూసి, ఎన్ని అంకెల సంఖ్యల్లోనైనా ఒక్కో పరిపూర్ణ సంఖ్యే ఉంటుందనీ, చివర 6, 8 మార్చి మార్చి వస్తాయనీ తేల్చేశాడు. అయిదోదానికి ఎనిమిదంకెలు: 3,35,50,336. ఆరోదీ 6తోనే ముగుస్తుంది. రెండు మాటలూ తప్పే, అయినా ఆయన గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చిన బొయీథియస్ పుణ్యమా అని శతాబ్దాలు చలామణీ అయ్యాయి.

బాగ్దాద్‌లో 9వ శతాబ్దపు థాబిత్ ఇబ్న్ ఖుర్రా దృష్టి జంటల మీద పడింది. 220 భాజకాలు కూడితే 284, 284వి కూడితే 220. ఇలాంటి జంటలకు ఆయన నిరూపణతో సహా సూత్రం ఇచ్చాడు. ఫెర్మా, డెకార్ట్ 1630లలో అదే దారిని మళ్లీ కనుక్కోవలసి వచ్చింది. ఆయిలర్ పదుల కొద్దీ జంటలు పోగేశాడు, సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ యూక్లిడ్ పద్ధతిలో వచ్చేవేనని నిరూపించాడు. 1184, 1210 మాత్రం ఈ ఉద్దండులందరి కన్నూ తప్పాయి. 1866లో పగనీనీ అనే పదహారేళ్ల ఇటలీ కుర్రాడు వాటిని పట్టుకున్నాడు.

2024 అక్టోబరు నాటికి పరిపూర్ణ సంఖ్యలు 52 తేలాయి; చివరిదానికి ఎనిమిది కోట్లకు పైగా అంకెలు. బేసి పరిపూర్ణ సంఖ్య ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. నా మట్టుకు ఈ వేటలో కంప్యూటర్ల శ్రమే ఎక్కువ. లోతైన గణితం నికోమాకస్ ఈసడించిన అధిక సంఖ్యల వైపు పెరిగింది. అవి మొత్తం సంఖ్యల్లో స్థిరమైన వాటా ఆక్రమిస్తాయని 1933లో డావెన్‌పోర్ట్ నిరూపించాడు. అది పావు వంతుకు కాస్త తక్కువ.

మరి భాజకాల మొత్తం అసలును ఎంత దూరం మించగలదు? ప్రధాన సంఖ్యల పంపిణీ గురించిన, ఇంకా నిరూపణ కాని రీమన్ పరికల్పన నిజమైతే బాగా పెద్ద సంఖ్యలన్నీ ఒక హద్దుకు లోబడతాయని రామానుజన్ ఒక వ్యాసం కోసం రాసుకున్నాడు. లండన్ మ్యాథమెటికల్ సొసైటీకి డబ్బు కటకటగా ఉండటంతో 1915 నాటి ఆ వ్యాసం కుదించి అచ్చయింది, ఈ భాగం మిగిలిపోయింది. 1984లో గై రాబిన్ ఇంకో అడుగు వేశాడు: 5040 దాటిన ప్రతి సంఖ్యా ఆ హద్దులో ఉంటే పరికల్పన నిజం, ఒక్కటి దాటినా అబద్ధం. రామానుజన్ కాగితాలను 1997లో వెలుగులోకి తెచ్చిన ఇద్దరిలో రాబిన్ ఒకడు. తనతో సహా 5040 భాజకాల మొత్తం 19,344, హద్దు సుమారు 19,237. ఆ తర్వాత హద్దు మీరిన సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.