కలుషితాహారపు మూలాన్ని పట్టించే జన్యులిపి

2024 నవంబరు మాసంలో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం చేసిన పిల్లలు అనేకులు వాంతులతో, కడుపునొప్పితో ఆసుపత్రి పాలైన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వారం తిరగకముందే అదే బడిలో మరికొందరు పిల్లలు అస్వస్థులైనారు. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ప్రభుత్వాన్ని నిలదీసింది. అంతకు మూడు వారాల ముందే, హైదరాబాదు బంజారాహిల్స్‌లో మోమోలు తిన్న ఒక మహిళ మరణించి, పలువురు జబ్బుపడిన దరిమిలా, పచ్చిగుడ్డుతో చేసే మయొనైజును ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది.

ఇటువంటి ఘటన జరిగిన ప్రతిసారీ మనం వేసే మొదటి ప్రశ్న "తప్పెవరిది?" అన్నది. సాధారణంగా ఆ తప్పు వంటమనిషి నెత్తిన పడుతుంది. వైద్యశాస్త్రం వేసే ప్రశ్నలు వేరు. జబ్బు చేసిన క్రిమి ఏది? అది ఏ పదార్థంలో ఉంది? ఆ పదార్థంలోకి ఎక్కడి నుండి వచ్చింది? ఈ మూడింటికీ జవాబు దొరకకుండా వంటమనిషిని మార్చినంత మాత్రాన, నీళ్ల ట్యాంకులోనో, గుడ్లు వచ్చిన కోళ్లఫారంలోనో ఉన్న క్రిమి అక్కడే ఉంటుంది. ఆ జవాబులు రాబట్టడం మానవుడు ఎట్లా నేర్చుకున్నాడో ఈ వ్యాసంలో చెప్పదలచాను.

1854లో లండనులో జాన్ స్నో అనే వైద్యుడు కలరా మరణాలను పటం మీద గుర్తించి, ఒక చేతిపంపు వద్దకు చేరిన కథ మీలో చాలామందికి తెలిసినదే. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది 1888 నాటి జర్మనీ సంఘటన. ఫ్రాంకెన్‌హౌజెన్ అనే ఊరిలో జబ్బుపడిన ఆవును కోసి మాంసం అమ్మారు. తిన్నవారు జబ్బుపడ్డారు, పచ్చిమాంసం తిన్న ఒక యువకుడు మరణించాడు. ఆగస్ట్ గేర్ట్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసంలోను, ఆ మృతుని దేహంలోను ఒకే బాక్టీరియాను కనుగొన్నాడు. నేడు దానిని సాల్మొనెల్లా జాతిలో చేర్చాము. పళ్లెంలోనూ రోగి పేగులోనూ ఉన్నది ఒకే క్రిమి అని చూపడమే అప్పటి నుండి రుజువుకు గీటురాయి అయింది.

అయితే ఇక్కడొక చిక్కుంది. మా మోత్కూరు అంగడిలో నిలబడి "యాదగిరీ!" అని కేకవేస్తే పదిమంది తిరిగి చూస్తారు. గుట్ట దగ్గరి ఊళ్లు కదా, ఇంటికొక యాదగిరి ఉంటాడు. పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు. సాల్మొనెల్లా కూడా అంతే. అందులో రెండువేల అయిదువందలకు పైగా రకాలున్నాయి. ఒక్కొక్క రకంలో మళ్లీ లెక్కలేనన్ని వంశాలు. రోగి మలంలో సాల్మొనెల్లా ఉంది, హోటలు గుడ్డులోనూ సాల్మొనెల్లా ఉంది అన్నంత మాత్రాన ఆ గుడ్డే కారణమని చెప్పజాలము. ఇంటిపేరు కావాలి, తండ్రి పేరు కావాలి, తాత పేరూ కావాలి.

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సరిగా ఉడకని గొడ్డుమాంసపు బర్గర్లు తిని ఏడువందలకు పైగా జనం జబ్బుపడి, నలుగురు పిల్లలు చనిపోయినప్పుడు, ఇంటిపేరు చదివే ఒక పద్ధతి అక్కరకు వచ్చింది. క్రిమి డీఎన్ఏను కొన్ని ఎంజైములతో ముక్కలుగా కత్తిరించి, జెల్ పలక మీద విద్యుత్తుతో నడిపిస్తే, ముక్కల పొడవును బట్టి చారలు ఏర్పడతాయి. రోగి క్రిమి చారలు, మాంసపు క్రిమి చారలు సరిపోలితే బంధుత్వం ఉన్నట్లు. 1996లో ఆ దేశపు ప్రయోగశాలలను కలిపే పల్స్‌నెట్ అనే యంత్రాంగాన్ని నెలకొల్పారు. దూరదూరపు రాష్ట్రాలలో చెదురుమదురుగా కనబడే రోగులు ఒకే ఆహారపు బాధితులని తెలియడం అప్పటి నుండి సాధ్యమైంది. కాని చారలు వేలిముద్ర మసకబారినట్లుండేవి. వేర్వేరు వంశాలు కూడా ఒక్కోసారి ఒకే తీరుగా కనిపించేవి.

ఆ మసకను తొలగించినది పూర్తి జన్యుక్రమ పఠనం. సాల్మొనెల్లా డీఎన్ఏలో సుమారు 48 లక్షల అక్షరాలుంటాయి; అక్షరాలు మాత్రం నాలుగు రకాలే. క్రిమి రెండుగా చీలి పెరిగేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పుగా నకలవుతుంది. ఆ తప్పు దాని సంతతికంతటికీ సంక్రమిస్తుంది. తాళపత్ర గ్రంథాలలో లేఖకుని పొరపాట్లను పట్టుకొని ఏ ప్రతి ఏ ప్రతి నుండి వచ్చిందో పండితులు తేల్చినట్లే, ఈ తప్పులను బట్టి శాస్త్రజ్ఞులు క్రిముల వంశవృక్షం గీస్తారు. రెండు క్రిముల నడుమ తేడా కొద్ది అక్షరాలే అయితే, అవి ఇటీవలనే ఒకే తల్లి నుండి విడిపోయాయన్న మాట.

2011 వేసవిలో ఉత్తర జర్మనీలో రక్తవిరేచనాలు, మూత్రపిండాల వైఫల్యం ప్రబలాయి. సుమారు 3,800 మంది జబ్బుపడ్డారు, 54 మంది చనిపోయారు. ఆ ఈ.కోలై బాక్టీరియా జన్యుక్రమాన్ని చైనాలోని ప్రయోగశాల, హాంబర్గు వైద్యులు కలిసి కొద్ది రోజులలోనే చదివి లోకానికి వెల్లడించారు. ఒక రకం ఈ.కోలైలోకి మరొక రకపు విషం తయారుచేసే జన్యువు చేరిందని తేలింది. అయినా క్రిమి ఎక్కడిదో అది చెప్పలేదు. ఈలోగా అధికారులు స్పెయిన్ దోసకాయల మీద నింద వేశారు, అక్కడి రైతులు తీవ్రంగా నష్టపోయారు. చివరకు దోషి మొలకలని తేల్చినది యంత్రం కాదు, ఎవరు ఏమి తిన్నారని ఓపికగా అడిగి రాసుకున్న మనుషులు. ఆ మొలకల వెనుక ఉన్నవి ఈజిప్టు నుండి దిగుమతియైన మెంతులు.

మెంతులన్న మాట వినగానే ఉలిక్కిపడకండి. మన పోపులో వేగే మెంతిగింజ మీద ఈ క్రిమి బతకదు. కాని మధుమేహానికి మంచిదని రాత్రి నానబెట్టి, మొలకెత్తించి, పచ్చిగా నమిలేవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. మొలకెత్తించే వెచ్చదనం, తడి క్రిములకు కూడా పెరటి మడి వంటివి. వృద్ధులు, గర్భిణులు మొలకలను ఉడికించి తినడం, లేదా మెంతులను వేయించి పొడి చేసుకొని వాడడం క్షేమమని నా సలహా.

జన్యుపఠనం తన పూర్తి శక్తిని చూపినది దక్షిణాఫ్రికాలో. 2017, 2018 సంవత్సరాలలో అక్కడ లిస్టీరియా వ్యాధి వెయ్యిమందికి పైగా సోకి, రెండువందలకు పైగా ప్రాణాలు తీసింది. వారిలో నవజాత శిశువులు అనేకులు. ఈ క్రిమి ఒంట్లో చేరిన కొన్ని వారాలకు గాని బయటపడకపోవచ్చు. రెండు నెలల కిందట ఏమి తిన్నారని అడిగితే ఎవరు చెప్పగలరు? రోగుల నుండి తీసిన క్రిములను చదివితే నూటికి తొంభైకి పైగా ఒకే వంశానివని తేలింది. అంటే ఎక్కడో ఒక్క చోటు నుండి దేశమంతా పాకుతున్నది. 2018 జనవరిలో సొవెటోలోని ఒక శిశుపాలన కేంద్రంలో తొమ్మిదిమంది పసిపిల్లలు విరేచనాలతో ఆసుపత్రికి వచ్చారు. అక్కడి వైద్యులు అనుమానించి కబురు పంపగా, ఆరోగ్యాధికారులు ఆ కేంద్రానికి వెళ్లి ఫ్రిజ్‌లో మిగిలిన పోలనీ అనే మాంసపు తినుబండారాన్ని తీసుకున్నారు. దాని జాడ పట్టుకొని పోలొక్వానే పట్టణపు కర్మాగారానికి చేరి, అక్కడ కూడా అదే వంశపు క్రిమిని కనుగొన్నారు. మార్చి 4న ఆరోగ్యమంత్రి ఆ సంగతిని ప్రకటించి, సరుకును వెనక్కి రప్పించారు. ఫ్రిజ్‌లో ఆ ముక్క మిగలకపోయి ఉంటే ఇంకెందరు పోయేవారో ఊహించండి.

ఇక మన సంగతి. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి, కలరా సోకి, పలువురు మరణించారు. ఆ కాలపు హైదరాబాదు కలరా నుండి సేకరించిన 34 క్రిములను గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. అన్నీ ఎల్‌టార్ అనే మొండిరకానివే, కాని వాటి విషపు జన్యువు మాత్రం పాతకాలపు "క్లాసికల్" కలరాది. నీళ్లలో చిరకాలం మనగలిగే దేహానికి పాత కలరా విషం తోడైనట్లు. ఇది తెలియడం వైద్యునికి ఎంతో ఉపయోగం. కాని ఏ పైపు ఎక్కడ పగిలిందో జన్యువు చెప్పదు, దానికి గడ్డపార కావాలి.

జన్యుపఠనం "కాదు" అని చెప్పడమూ మేలే. 2020 డిసెంబరులో ఏలూరులో ఐదువందలకు పైగా జనం మూర్ఛలతో పడిపోయినప్పుడు, హైదరాబాదు సీసీఎంబీకి కూడా నమూనాలు వెళ్లాయి. వైరస్ ఆనవాళ్లు లేవని అది తేల్చగా, సీసం, నికెల్, పురుగుమందుల వైపు దృష్టి మళ్లింది. కోవిడ్ కాలంలో వేలాది వైరసుల జన్యువులు చదివిన సంస్థ అది. యంత్రాలు, నిపుణులు మోత్కూరుకు కొద్ది గంటల దూరంలోనే ఉన్నారు.

లేనిది నమూనా. నేను వైద్యం చేసిన ఏళ్లలో పెళ్లివిందు మరునాడు ట్రాక్టరు ట్రాలీలో ఇరవై, ముప్ఫైమంది వచ్చేవారు. సెలైను ఎక్కించేవాళ్లం, రెండో రోజుకు లేచి వెళ్లిపోయేవారు. "కూరేదైనా మిగిలిందా?" అని అడిగితే, "అప్పుడే పారబోసి గంగాళాలు కడిగినం సారూ" అనేవారు. భయంతో కొందరు, శుభ్రత కోసం కొందరు. రోగులేమో దారిలోనే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ బిళ్ల వేసుకొని వచ్చేవారు. ఆ తర్వాత మలంలో క్రిమి పెరగడం దుర్లభం. చదవవలసిన లిపిని ఇంటి దగ్గరే చెరిపేసి వస్తున్నామన్న మాట.

బడి, వసతిగృహం, పెళ్లి, ఎక్కడ సామూహిక భోజనం వండినా వడ్డనకు ముందే ప్రతి పదార్థం నుండి ఒక గరిటెడు శుభ్రమైన మూతడబ్బాలో తీసి, రెండు రోజులపాటు ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి. డబ్బా మీద తేదీ, పూట, పదార్థం పేరు రాయండి. జనం జబ్బుపడితే ఓఆర్ఎస్ తాగించడం మొదలుపెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెంటనే చెప్పండి. యాంటీబయాటిక్ ఇవ్వక మునుపే ఇద్దరు ముగ్గురి మలం నమూనాలైనా తీయమని డాక్టరును అడగండి. ఎవరు ఏమి తిన్నారో, ఎవరు తినలేదో, జబ్బుపడనివారితో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆరోగ్య సిబ్బంది వచ్చినప్పుడు ఆ పుస్తకం, ఆ డబ్బాలు, వంటకు వాడిన నీళ్లు ఒక సీసాలో, వారి చేతికివ్వండి.