ఒక కౌంటరు వాక్యానికి ప్రతిపదార్థం

మొదటిసారి అమెరికా వెళ్తున్నప్పుడు చెకిన్ కౌంటరు దగ్గర నా పెట్టె 25.4 కిలోలు తూగింది. పరిమితి 23. ముందు నేను ఒక్కణ్ణీ కాటా ఎక్కి, తర్వాత పెట్టె ఎత్తుకుని ఎక్కి, తీసివేత లెక్క వేసుకుని మరీ బయల్దేరాను. ఆ లెక్క తర్వాత అమ్మ ఇంకో ఆవకాయ ప్యాకెట్టు దూర్చిందని నాకేం తెలుసు? గాభరాలో నోటికొచ్చిన ఇంగ్లీషు ఇది: "మేడమ్, మై లగేజెస్ కెపాసిటీ ఈజ్ ఓవర్. ఇన్ హ్యాండ్‌బ్యాగ్ నో ప్లేస్." ఆవిడకు అర్థమైంది, తెలుగావిడ కాబట్టి.

లగేజెస్: 'లగ్' అంటే బరువును ఈడ్చడం. ఈడ్చుకెళ్ళేది లగేజ్. మనం సామానుని సామాన్లు చేసినట్టు దీన్ని బహువచనం చేయకూడదు. పది పెట్టెలున్నా లగేజే. లెక్క చెప్పాలంటే 'టూ పీసెస్ ఆఫ్ లగేజ్' అనొచ్చు గానీ, మాటల్లో అంత దూరం ఎవరూ వెళ్ళరు, 'టూ బ్యాగ్స్' అంటారు. సూట్‌కేసైనా బ్యాగే. 'బ్యాగేజ్' ఎయిర్‌లైన్ల కాగితాల్లోనూ విమానాశ్రయం బోర్డుల మీదా ఎక్కువ. మనిషి గురించి 'హి హాజ్ ఎ లాట్ ఆఫ్ బ్యాగేజ్' అంటే మాత్రం పెట్టెలు కావు, పాత గాయాలూ గొడవలూ. సంబంధాలు చూసేటప్పుడు ఈ మాట వినబడితే బరువు ఎన్ని కిలోలని అడక్కండి.

కెపాసిటీ: నా వాక్యంలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. కెపాసిటీ అంటే లోపల ఎంత పడుతుందన్నది. వీపు సంచుల పేర్ల పక్కన 40, 65 అని కనబడే అంకెలు ఆ లీటర్లే. ఎయిర్‌లైను ఎంత బరువు ఒప్పుకుంటుందన్నది వేరే సంగతి, దాన్ని 'అలవెన్స్' అనో 'లిమిట్' అనో అంటారు. నేను అనాల్సింది 'ఇట్స్ టూ కిలోస్ ఓవర్' అని. అమెరికాలో అయితే పౌండ్లు, 23 కిలోలకు అక్కడి లెక్క 50. కొలతల హద్దు మరొకటి ఉంటుంది: పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి మామూలుగా 158 సెంటీమీటర్లు. అది దాటితే 'ఓవర్‌సైజ్', బరువు దాటితే 'ఓవర్‌వెయిట్'.

పైగా, మాటల్లో ఈ కెపాసిటీ అవసరమే తక్కువ. తెలుగులో ఒక్క 'పట్టు'తో పని గడిచిపోతుంది. పెట్టెలో ఇంకో చీర పడుతుందా? ఈ డబ్బాకి రెండు కిలోల పచ్చడి పడుతుందా? ఇంగ్లీషులో మాత్రం దేని వైపు నుంచి మాట్లాడుతున్నామో చూసుకోవాలి. చీర వైపు నుంచైతే 'ఫిట్': విల్ ఇట్ ఫిట్? డబ్బా వైపు నుంచైతే 'హోల్డ్': హౌ మచ్ డజ్ ఇట్ హోల్డ్? ఈ రెండు చిన్న మాటలూ మనకు బళ్ళోనే వచ్చు. అయినా పెద్దమనుషుల ముందు 'అకామడేట్' వాడితేనే తృప్తి. అది దరఖాస్తుల భాష, ఆవకాయకు నప్పదు.

హ్యాండ్‌బ్యాగ్: ఆడవాళ్ళు భుజాన వేసుకునేది. విమానం లోపలికి వెంట తీసుకెళ్ళేది బ్రిటన్‌లో 'హ్యాండ్ లగేజ్', అమెరికాలో 'క్యారీ-ఆన్'. కౌంటరులో అప్పగించేది 'చెక్డ్ బ్యాగ్'.

నో ప్లేస్: చోటు లేదన్నది అచ్చు అలాగే దింపేశాను. ప్లేస్ అంటే ఫలానా చోటు. ఖాళీ అనే అర్థంలో చోటంటే 'రూమ్': 'దేర్స్ నో రూమ్ ఇన్ మై క్యారీ-ఆన్'. 'ఎ' చేర్చి 'ఎ రూమ్' అంటే మళ్ళీ గది అయిపోతుంది.

అక్కడ దిగాక నేర్చుకున్న మాట మరొకటుంది. తీసుకెళ్ళడానికి వచ్చిన స్నేహితుడి అమెరికన్ రూమ్మేట్‌ని 'డిక్కీ' తెరవమన్నాను. బిక్కమొహం వేశాడు. పూర్వం బ్రిటన్‌లో కారు వెనక మడిచి తెరిచే సీటుని డికీ అనేవాళ్ళు, సీటు పోయింది, మాట మన దగ్గర మిగిలింది. బ్రిటన్‌లో ఇప్పుడది 'బూట్', అమెరికాలో 'ట్రంక్'. తొలినాటి కార్ల వెనక నిజంగానే ట్రంకుపెట్టె కట్టేవారు, ఆ పేరు అలా నిలిచింది. మా తాతయ్య అటక మీద పెట్టిన ఆకుపచ్చ ట్రంకుపెట్టెకీ ఆ అబ్బాయి కారు వెనక భాగానికీ పేరు ఒకటేనని తేలాక, నా బ్యాగులు రెండూ అందులో పట్టాయి. ఆవకాయ ప్యాకెట్టు మాత్రం హైదరాబాదులోనే, సాగనంపడానికి వచ్చిన బాబాయి చేతిలో ఉండిపోయింది.