పెళ్ళికి పెట్టిన సైకిలు

పోయిన దసరా వెళ్ళాక మా కారు అమ్మేశాం. ఊరంతా అడిగింది, ఏమైనా ఇబ్బందుల్లో పడ్డారా అని. పక్కింటి పిన్నిగారైతే చాటుగా పిలిచి, "చిట్టీ డబ్బు వచ్చేనెల వస్తుంది, కావాలంటే వాడుకో" అంది. పాపం ఆవిడ మంచి మనసు! అప్పులేమీ లేవు పిన్నీ, అవసరం లేక అమ్మేశామంటే నమ్మలేదు. అవసరం లేక కారు అమ్ముకున్నవాళ్ళని ఆవిడ ఎప్పుడూ చూడలేదు మరి.

హైదరాబాదు నుంచి మావారి ఊరికి వచ్చేసి మూడేళ్ళవుతోంది. మామయ్యగారు పోయాక అత్తయ్యగారిని ఒంటరిగా వదల్లేక వచ్చాం. ఇక్కడ మా తిరుగుడంతా కాలవ గట్టు వెంబడే. బ్యాంకు, మందుల షాపు, కిరాణా, బట్టలు కుట్టే ఆమె, అమ్మాయి కాలేజీ, అన్నీ నాలుగు కిలోమీటర్ల లోపు. కొత్తిమీర కట్టకి కూడా కారు తీసేవాళ్ళం. సంత రోజు బండి పెట్టడానికి చోటు వెతుక్కోవడం, పొలం నుంచి వచ్చే ట్రాక్టరు ఎదురైతే అరకిలోమీటరు వెనక్కి తీసుకోవడం. ఒకరోజు పద్దు రాసుకుంటూ చూస్తే పెట్రోలు, బీమా, సర్వీసింగు అన్నీ కలిపి నెలకి 6,000 పైనే తేలింది. ఆ డబ్బుతో ఒక సైకిలు వస్తుంది. ప్రతినెలా ఒక సైకిలు కొని కాలవలో పడేస్తున్నట్టే లెక్క!

అలా నాకో లేడీస్ సైకిలు కొన్నాం. చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని నేర్చుకున్నదే, ఇరవై ఏళ్ళయినా కాళ్ళు మరిచిపోలేదు. మావారు మాత్రం కొత్తది వద్దని, పశువుల పాకలో అటక మీదున్న వాళ్ళ నాన్నగారి పాత సైకిలు దింపించారు. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు మార్పించి తుడిస్తే నల్లరంగు కింద నుంచి నిగనిగలాడింది.

అందరూ ఒప్పుకున్నారు, అత్తయ్యగారు తప్ప. "మగాడు తొక్కితే సరే. నలభై దాటిన ఇంటి కోడలు చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టు మీద సైకిలు తొక్కుతుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ నలుగురూ ఎవరో, ఎప్పటినుంచి అనుకుంటున్నారో చూద్దామని నేను సైకిలు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, యంత్రాల సంగతి నాకు పెద్దగా తెలియదు. కానీ చదువుతుంటే ఇదంతా ఇళ్ళలో జరిగిన కథే అనిపించింది.

సైకిలుకి పూర్వీకుడైన రెండు చక్రాల బండిని 1817లో జర్మనీలో కార్ల్ డ్రయిస్ అనే ఆయన చేశాడు. దానికి పెడళ్ళు లేవు. మీద కూర్చుని కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. దానికి ముందు 1815లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేసి మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. పంటలు పోయాయి, గుర్రాలకి దాణా లేకుండా పోయింది. గుర్రం లేకుండా వెళ్ళే దారి వెతకడం వల్లే ఈ బండి పుట్టిందని కొందరు చరిత్రకారులు అంటారు. మేము కారు లేకుండా వెళ్ళే దారి వెతుక్కున్నట్టే అన్నమాట.

పెడళ్ళు 1860లలో ఫ్రాన్సులో వచ్చాయి. ఆ తర్వాత ముందు చక్రం మనిషెత్తు ఉండే సైకిళ్ళు వచ్చాయి. వాటి మీదనుంచి పడితే తల పగలడమే. పొడుగు గౌనులేసుకునే ఆడవాళ్ళు ఎక్కే ప్రశ్నే లేదు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా, చైనుతో వెనక చక్రం తిరిగేలా 'రోవర్' సైకిలు చేశాడు. ఇప్పుడు మా వసారాలో ఉన్నది దాని మునిమనవరాలే. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. ఒక తండ్రి కొడుకు కోసం చేసిన పని వల్ల ఇవాళ మనకి నడుం నొప్పి లేకుండా పోయింది.

ఇక ఆడవాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. అప్పుడు మన 'నలుగురూ' అక్కడా బయలుదేరారు. 1890లలో డాక్టర్లు కొందరు, సైకిలు తొక్కితే ఆడవాళ్ళ మొహం బిగుసుకుపోయి అందవికారంగా తయారవుతుందని హెచ్చరించారు. దానికి 'సైకిలు మొహం' అని రోగం పేరు కూడా పెట్టారు! అది చదివి నేను అద్దంలో ఓసారి మొహం చూసుకున్నాను. అయినా ఎవరూ ఆగలేదు. సైకిలు కోసం పొడుగు గౌన్లు కుదించుకున్నారు, లాగుల్లాంటివి కుట్టించుకున్నారు. ఆడవాళ్ళ ఓటు కోసం జీవితమంతా పోరాడిన అమెరికా ఆవిడ సుసాన్ బి. ఆంథొనీ, ఆడవాళ్ళకి స్వేచ్ఛ తేవడంలో సైకిలు చేసినంత మేలు లోకంలో ఇంకేదీ చేయలేదని 1896లో చెప్పింది.

మన దేశానికి మొదట ఇంగ్లండు సైకిళ్ళే వచ్చాయి. ర్యాలీ, హెర్క్యులిస్, హంబర్ పేర్లు మన తాతల నోట విన్నవే. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. మన పల్లెల్లో పాలు, చేపలు, పోస్టు, అన్నీ సైకిలు మీదే నడిచాయి. నెల్లూరు జిల్లాలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకి కూడా సైకిలు మీదే వెళ్ళేవారని మనకి తెలిసిందే.

అదే రోజుల్లో సైకిలు పెళ్ళి మాటల్లోకి కూడా దూరింది. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టాలి. మన ఇళ్ళలోకి చాలా సైకిళ్ళు అలా వచ్చినవే. ఆడపిల్ల పుట్టింటి డబ్బుతో కొన్నదే, కానీ ఆ పిల్ల ఎన్నడూ హ్యాండిలు పట్టుకుని ఎరగదు. మహా అయితే వెనక క్యారేజీ మీద ఒక పక్కకి కూర్చునేది.

ఇది రాసుకున్న రోజు అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పళ్ళెం పక్కన పెట్టి, "ఆ పాకలో సైకిలు నా పెళ్ళికి మా నాన్న కొనిపెట్టిందే" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంటి కోడల్ని, నాకా సంగతి తెలియదు. పడ్డని అమ్మి కొన్నారట. 1968లో.

ఆ తర్వాత చెప్పింది వింటుంటే నాకు నోట మాట రాలేదు. వాళ్ళ ఊళ్ళో అయిదో తరగతి వరకే ఉండేదట. హైస్కూలు మూడు మైళ్ళు. వాళ్ళన్నయ్యకి ఎవరో అమ్మిన పాత సైకిలు కొనిచ్చి పంపారు. ఈవిడకి చదువులో అన్నయ్యకంటే ఎక్కువ మార్కులు. కానీ ఆడపిల్లని మూడు మైళ్ళు ఎలా నడిపిస్తాం, వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళడానికి వాడు ఒప్పుకోడు, అని మానిపించేశారు. "సాయంత్రం అన్నయ్య వచ్చి సైకిలు గోడకి ఆనిస్తే బెల్లు మాత్రం కొట్టనిచ్చేవాడమ్మా" అన్నారు. అంతే, మళ్ళీ చిక్కుడుకాయలు తీసుకున్నారు.

మూడు మైళ్ళంటే అయిదు కిలోమీటర్లు కూడా లేదు. నడిస్తే గంట, సైకిలు మీదయితే ఇరవై నిమిషాలు. ఆ నలభై నిమిషాల తేడాలో ఆవిడ చదువు పోయింది.

అందుకే ఆ తర్వాత చదివిన రెండు సంగతులు నాకు ఉత్త సమాచారంగా అనిపించలేదు. మొదటిది తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువు నేర్పడంతో పాటు ఆడవాళ్ళకి సైకిలు తొక్కడం కూడా నేర్పారు, కొనుక్కోవడానికి బ్యాంకు అప్పులు ఇప్పించారు. కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు, టీచర్లు, లక్షమందికి పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. అవే నయమన్నవాళ్ళు కూడా ఉన్నారట, ముందున్న కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని! తల్లి బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అక్కడా ఇక్కడా ఉద్యమం అక్షరాలతోనే మొదలైంది.

రెండోది బీహారు. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిలు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించారు. హైస్కూల్లో చేరే వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి. మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ మేలు జరిగింది. అది చదివినప్పుడు నాకు కనిపించింది బీహారు కాదు, గోడకి ఆనించిన సైకిలు దగ్గర నిలబడి బెల్లు కొడుతున్న పదేళ్ళ పిల్ల.

సైకిలంటే అన్నీ సుఖాలే అని నేను చెప్పను. వానాకాలం గట్టు బురదైతే దిగి నడిపించుకోవాల్సిందే. ఏప్రిల్ వస్తే పొద్దున తొమ్మిది లోపు పనులు చక్కబెట్టుకోవాలి. గ్యాస్ బండ సైకిలు మీద నేను తేలేను. పెళ్ళిళ్ళకి, తెనాలి వెళ్ళడానికి బస్సో ఆటోనో ఎక్కుతాం. ఈ సంక్రాంతి ముందు అర్ధరాత్రి అత్తయ్యగారికి ఆయాసం వచ్చింది. కారు ఎందుకు అమ్మామా అని ఆ పావుగంట నేను ఏడ్చిన మాట నిజం. 108 వచ్చింది, ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్ళారు. కారున్నా మా దగ్గర ఆక్సిజన్ ఉండదు కదా అని మావారన్నాక కొంచెం కుదుటపడ్డాను. ఇప్పుడు ఇద్దరు ఆటోవాళ్ళ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకున్నాం.

ఇంకో భయం రోడ్డు. గట్టు దిగి మెయిన్ రోడ్డెక్కితే లారీలు. అమ్మాయి కాలేజీకి వెళ్ళిందంటే తిరిగొచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు. నెదర్లాండ్సులో ఇవాళ అందరూ సైకిళ్ళు తొక్కుతారని గొప్పగా చెప్పుకుంటాం. కానీ 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు 'పిల్లల హత్యలు ఆపండి' అని వీధుల్లోకి వచ్చారు. 1973లో పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్ళేసుకుని తిరిగారు. ఆ తర్వాతే సైకిళ్ళకి విడిగా దారులు వేయడం ఊపందుకుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అక్కడ అమ్మలే అడిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 45 ఇళ్ళలో సైకిలుంది, కారున్న ఇళ్ళు అయిదు కూడా లేవు. రోడ్లు మాత్రం ఆ అయిదిళ్ళ కోసమే వేసినట్టుంటాయి. మా గ్రామసభలో గట్టు మీద కంకర పరిచి, కాలేజీ మలుపు దగ్గర స్పీడు బ్రేకరు వేయమని నేనూ ఇంకో తొమ్మిదిమందీ కాగితం ఇచ్చాం. చూడాలి.

మొన్న సాయంత్రం బజారు నుంచి వచ్చి సైకిలు వసారాలో స్టాండు వేశాను. లోపల కాఫీ కలుపుతుంటే బెల్లు వినిపించింది. అమ్మాయి వచ్చిందేమో అని తొంగి చూశాను. అత్తయ్యగారు. ఒక చేత్తో సీటు, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని వాకిట్లో తులసికోట దాకా మెల్లగా నడిపించుకెళ్ళారు. అక్కడ తిప్పి మళ్ళీ తీసుకొచ్చారు. నన్ను చూసి, "ఎండ తగులుతోందని నీడలో పెట్టాను" అన్నారు. సాయంత్రం ఆరున్నరకి ఎండేమిటి! నేనేమీ అనలేదు. కాఫీ ఇద్దరం అక్కడే గట్టు మీద కూర్చుని తాగాం.

మీ ఇంట్లో మొదటి సైకిలు ఎవరి డబ్బుతో వచ్చిందో, ఎవరు తొక్కారో ఒకసారి మీ అమ్మనో అత్తగారినో అడగండి. చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు అడిగితే చెప్తారు.