గుండ్లకమ్మ ఒడ్డు నుంచి ఊళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళు

ఒంగోలు బాప్టిస్టు సంఘాల చరిత్ర ఎవరు చెప్పినా 1878 జులై 3 దగ్గర కాసేపు ఆగుతారు. ఆ రోజు వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చింది మిషనరీ క్లౌ దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు. ఆ సంవత్సరం గడిచేసరికి కొత్త విశ్వాసుల లెక్క 9 వేలు దాటింది. ఈ జూబిలీ సంచికలో ఆ రోజు గురించి రాసేవారు చాలామంది ఉంటారు. నాకు మాత్రం జులై 4 నుంచి ఏం జరిగిందో చెప్పాలని ఉంది. అన్ని వేలమంది తమ తమ ఊళ్ళకు, తమ గూడేలకు తిరిగి వెళ్ళారు. అక్కడ వాళ్ళను నిలబెట్టింది ఎవరు?

ఒక్క మిషనరీ వల్ల అయ్యే పని కాదది. ఊళ్ళు వందల్లో ఉన్నాయి, ప్రయాణం ఎడ్లబండి మీద. పైగా ఆ విశ్వాసులు ఒప్పుకున్న నియమాలు మూడు: ఆదివారం పనికి వెళ్ళకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇవాళ చదివితే తేలికగానే కనబడతాయి. ఆనాటి మాదిగ గూడెంలో ఈ మూడూ తిండితో, కూలితో, ఊరి పెత్తనంతో ముడిపడినవి. చచ్చిన పశువు వాళ్ళ పనికి దక్కే ప్రతిఫలంలో భాగం. జాతరలో డప్పు కొట్టడం ఊరు వాళ్ళమీద పెట్టిన బాధ్యత. కాదంటే పని పోయేది, దెబ్బలు పడేవి. అలాంటి చోట ఒంటరి విశ్వాసి ఎన్నాళ్ళు నిలుస్తాడు? పక్కింటివాడు కూడా కాదన్నప్పుడే అతనికి ధైర్యం. ఒకరి విశ్వాసం మరొకరికి ఆసరా కావడమంటే ఆ గూడేల్లో అన్నం మెతుకులతో తేలే విషయం.

ఆ ఆసరా ఎలా ఏర్పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించింది అయిదుగురే: మిషనరీ జ్యూవెట్ దంపతులు, తెలుగు విశ్వాసులు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య తోళ్ళ వ్యాపారి. అంతకుముందే రాజయోగం నేర్చి, గురువుగా మన్నన పొందిన మనిషి. గురువు చుట్టూ శిష్యులు చేరడం, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని మాట్లాడుకోవడం ఆయనకు కొత్త కాదు. సువార్త ఆ దారినే నడిచింది. వియ్యంకుల ఇళ్ళకు, మేనల్లుళ్ళ ఊళ్ళకు, తోళ్ళ బేరానికి వెళ్ళే చోట్లకు అది చేరింది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం సద్దిమూటలతో వచ్చి ఉన్నారు. రోజుల తరబడి అక్కడే ఉండి విన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళను పోగుచేసింది పేరయ్య దంపతుల మాటే.

తర్వాతి కాలంలో మన సంఘాలకు వెన్నెముకగా నిలిచింది మూడు నెలల కూడిక. ఊళ్ళలో పనిచేసే బోధకులు మూడు నెలలకోసారి ఒకచోట చేరేవారు. తమ తమ ఊళ్ళ సంగతులు చెప్పుకునేవారు, వాక్యం నేర్చుకునేవారు, కలిసి ప్రార్థించి మళ్ళీ పల్లెదారి పట్టేవారు. నా ఉద్దేశంలో మన చరిత్రకారులు ఈ కూడికకు ఇవ్వవలసిన చోటు ఇవ్వలేదు. నెలల తరబడి ఒంటరిగా తిట్లు తిన్న బోధకుడికి, పక్క తాలూకాలో ఇంకొకరు కూడా అవే తిట్లు తిని నిలబడ్డారని తెలియడం ఎంత బలం! ఆ బోధకుల జీవితాలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో పుస్తకంగా తెచ్చారు కాబట్టి సరిపోయింది. లేకపోతే మన పెద్దల పేర్లు కూడా మనకు మిగిలేవి కావు.

థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో అయిదో అధ్యాయం ఈ దృష్టితో ఒకసారి చదవండి. నాయకులను గౌరవించమని ఒకచోట వేరుగా చెప్పాడు. ధైర్యం చెడినవారిని ఆదరించమని, బలహీనులకు ఊతమివ్వమని చెప్పింది మాత్రం సహోదరులందరికీ. ఆ పనిని మనం మెల్లమెల్లగా పాస్టరుగారి ఒక్కరి మీద వేసేశాం. ఎవరైనా మూడు ఆదివారాలు గుడికి రాకపోతే "అయ్యగారు వెళ్ళి చూశారా?" అని అడుగుతున్నాం. వెనుక బెంచీలో ఆ రాని మనిషి పక్కన కూర్చునే మనం వెళ్ళామా అని అడగడం లేదు. పెద్ద మైదానాల్లో మహాసభలు పెరిగాయి, సంతోషమే. కానీ కొడుకు ఉద్యోగం పోయిందనో, మందు మళ్ళీ మొదలైందనో ఒక తల్లి నోరు విప్పి చెప్పగలిగేది పది మంది కూర్చున్న ఇంటి ప్రార్థనలోనే. స్త్రీల సమాజం ఈ సంగతి ఎప్పుడూ మరిచిపోలేదు. ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీల పరిచర్యే వాళ్ళకు వారసత్వంగా వచ్చింది. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్ళకే ముందు తెలుస్తుంది.

అందుకని జూబిలీ కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గోపురానికి రంగులు, కొత్త మైకుసెట్టు, అన్నీ చేయించుకుందాం. వాటితోపాటు మూడు నెలల కూడికను మళ్ళీ మొదలుపెడదాం. పాస్టర్లకు మాత్రమే కాదు, ప్రతి పల్లె సంఘం నుంచి ఒక పెద్ద, ఒక సోదరి, ఒక యువకుడు రావాలి. ఉపన్యాసాలు తగ్గించి, వచ్చినవాళ్ళు తమ ఊరి సంగతి తాము చెప్పుకునేందుకు సమయమివ్వాలి. హైదరాబాదుకో గల్ఫుకో వెళ్ళిపోయిన మన పిల్లల పేర్లు కూడా అక్కడ చదివి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే పంచుకోవాలి. మొదటి కూడికకు భోజనాల ఖర్చు జూబిలీ నిధి నుంచి ఇవ్వమని అడుగుతున్నాను. తర్వాతివాటికి మన పెద్దల్లాగే సద్దిమూటలు తెచ్చుకుందాం.