ఉప్పల్ వలయం మీద వియన్నా వాల్ట్జ్

రాత్రి ఏడు దాటింది. ఉప్పల్ మెట్రో దిగి స్కైవాక్ మీదికొచ్చారు. కింద చౌరస్తాలో వరంగల్ బస్సు కోసం జనం, రామంతాపూర్ వైపు ఆటోల హారన్లు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫ్రాంజ్ లెహార్ సంగీత నాటకం ‘మెర్రీ విడో’లోని వాల్ట్జ్ పాట.

ముందు వయొలిన్లు, తొందర లేకుండా. తకిట, తకిట. మొదటి దెబ్బ బరువు, మిగతా రెండూ తేలిక. 2023లో తెరిచిన ఈ స్కైవాక్ చౌరస్తా చుట్టూ వలయంలా తిరుగుతుంది. ఆ తాళానికి నడిచి చూడండి. బరువు దెబ్బ ఓసారి కుడికాలి మీద పడితే, మరోసారి ఎడమకాలి మీద. ఒళ్లు తిరగాలనుకునేది అందుకే. వియన్నా వాయిద్యగాళ్లదింకో కొంటెతనం: రెండో దెబ్బను రవ్వంత ముందే వేసేస్తారు. కాగితం మీద అది కనబడదు.

‘మెర్రీ విడో’ నాటకం 1905 డిసెంబర్ 30న వియన్నాలో, థియేటర్ అన్ డెర్ వీన్‌లో మొదలైంది. హన్నా కోట్ల ఆస్తికి వారసురాలైన వితంతువు. దనీలో ఆమె పాత ప్రియుడు. డబ్బు చూసి వచ్చాడంటారేమోనని ప్రేమ మాటెత్తడు. అభిమానధనుడు! రెండో అంకంలో ఇద్దరూ మాటల్లేకుండా కూనిరాగం తీస్తూ ఈ వరసకే ఆడతారు. మూడో అంకంలో దానికి సాహిత్యం వస్తుంది. వచ్చి, మాటలతో పనిలేదనే ఒప్పుకుంటుంది. జర్మన్ రాని మనకు ఆ పాట అందడంలో వింతేముంది?

కిందికి దిగి, హబ్సిగూడ మీదుగా నాచారం చేరండి. మెయిన్ రోడ్డు మీద పెళ్లి బరాత్ అడ్డం. బ్యాండువాళ్లు తీన్మార్ ఎత్తుకున్నారు. ఇయర్‌ఫోన్స్ తీయక తప్పదు. ఇక్కడా తాళం మూడే, కానీ దెబ్బ దెబ్బకీ కాలు నేలను తన్నాలి. వాల్ట్జ్‌లో ఒక్కసారి నేల తాకి రెండుసార్లు తేలిపోవాలి. పెళ్లికొడుకు బావమరిది కాబోలు, చెమటలు కక్కుతూ మిమ్మల్నీ లాగుతున్నాడు. ఆడండి, పోయేదేముంది.

నన్నడిగితే కులుకులో వాల్ట్జ్‌దే పైచేయి, ఊపులో తీన్మార్‌ది. తకిట అలవాటైన చెవికి లెహార్ పరాయివాడు కాడు. ఇంటికెళ్లాక మూడో అంకం పాట వెంటనే పెట్టకండి. ముందు రెండో అంకంలోని కూనిరాగం వినండి.