ఆర్జనపరులైన దంపతుల వియోగము - శిశుపోషణ భారవిభజనము: బనగానపల్లె సీమను పురస్కరించుకొని యొక పరిశీలనము

దంపతులిరువురును ఆర్జనపరులై, విడివడి వేర్వేరు గృహముల నివసించునప్పుడు, వారి సంతానమునకై ఎవరెంత వెచ్చింపవలయునను ప్రశ్నకు మన న్యాయస్థానములు చిరకాలము సూటియైన సమాధానము నీయజాలకపోయినవి; తండ్రి సంపాదించును, తల్లి పెంచును అను పూర్వభావనయే శాసనములకును తీర్పులకును పునాదియై యుండుట దీనికి హేతువు. ఈ సీమ చరిత్రయందును ఆ భావనయే కానవచ్చును: 1948లో మద్రాసు రాష్ట్రమున విలీనమగువరకు బనగానపల్లె నేలిన నవాబులు షియా మతస్థులు. షియా ధర్మశాస్త్రము కుమారుని రెండేండ్ల ప్రాయము వరకును, కుమార్తెను ఏడేండ్ల వరకును తల్లి సంరక్షణమున నుంచి, వ్యయభారమును తండ్రిపై మోపినది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఈ మార్గమునుండి వైదొలగి, ఇరువదవ సెక్షనులో తల్లినిగూడ తండ్రితోపాటు బాధ్యురాలిని గావించినది గాని, ఆ బాధ్యతను ఏ పాళ్ల పంచవలయునో చెప్పలేదు.

పాళ్ల ప్రసక్తి స్పష్టముగ వచ్చినది 2000లో సుప్రీంకోర్టు వెలువరించిన యొక తీర్పున. అందు భార్య అధ్యాపకురాలు, భర్తయు ఉద్యోగియే. ఒక్కొక్క బిడ్డకు నెలకు 3,000 రూపాయలు వలయునని నిర్ణయించి, ఆ మొత్తమును తండ్రి రెండు వంతులు, తల్లి యొక వంతు భరింపవలయునని న్యాయమూర్తులు శాసించిరి. అది మొదలు ‘రెండుకొకటి’ యను పాళ్లు వకీళ్ల నోట శాసనవాక్యమువలె వినబడుచున్నవి. వాస్తవమునకు అది ఆ దంపతుల జీతములను చూచి కట్టిన లెక్కయే గాని, అందరి దంపతులకును వర్తించు సూత్రము గాదు. రజనీష్ - నేహ వ్యాజ్యమున 2020 నవంబరు 4వ తేదీ తీర్పు ఈ విషయమును మఱికొంత విశదపరచినది: బిడ్డల విద్యావ్యయము సాధారణముగ తండ్రిదే యగుననియు, తల్లి చాలినంత సంపాదించునదైనచో ఉభయులును తమ రాబడికి తగినట్లు పంచుకొనవచ్చుననియు, ఆహార వస్త్ర వైద్యములతోపాటు ఆడంబరము గాని శిక్షణ తరగతుల ఖర్చుగూడ లెక్కకు రావలయుననియు అందు నిర్ణయము. బ్యాంకు పరీక్షల కోచింగునకు పేరుపడిన నంద్యాలలో ఈ కడపటి మాట మిగుల అక్కఱకు వచ్చునది.

అయితే ఈ పాళ్లన్నియు ఉభయుల రాబడియు కంటికి కనబడుననెడి ఊహపై నిలిచినవి. బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల ప్రాంతములలో ఆ ఊహ నిలువదు. నేలలోని నాపరాతి పొరలను పెకలించి, కోసి, నునుపుచేసి లారీల కెక్కించు పరిశ్రమ ఇచట అనేక కుటుంబములకు జీవనాధారము. పాలిష్ ఫ్యాక్టరీ యజమాని రాబడి గిరాకిని బట్టి నెలనెలకును మారుచుండును. మామిడితోట గలవానికి ఏడాదికొక కాపు; పూతదశయందే తోటను వ్యాపారికి గుత్తకిచ్చినచో సొమ్ము ఒకటి రెండు విడతలలో చేతికందును. అట్టివాని భార్య ఉపాధ్యాయినియో నర్సో యైనచో, ఆమె జీతము నెలనెల బ్యాంకు ఖాతాలో జమయగుచు పైసలతోసహా కాగితముపై నిలిచియుండును. ఒకరి ఆదాయము తెరచిన పద్దు. రెండవవారిది వారు చెప్పినంత.

ఒక కల్పితోదాహరణమున దీనిని పరిశీలింతము. బిడ్డ యవసరము నెలకు 18,000 రూపాయలు. తల్లి జీతము 45,000. తండ్రి తన నాపరాతి ఫ్యాక్టరీపై నెలకు 15,000 మాత్రమే మిగులుచున్నదని అఫిడవిట్టులో వ్రాసినాడు. రాబడి ననుసరించి పంచినచో తల్లి 13,500, తండ్రి 4,500 భరింపవలసివచ్చును. అతని నిజమైన రాబడి 90,000 అయినచో తల్లివంతు 6,000కు దిగి, తండ్రివంతు 12,000 అగును. పాళ్ల సిద్ధాంతమునందు దోషము లేదు. ఒక్క అబద్ధపు సంఖ్య దానిని తలక్రిందులు చేసినది. పైపెచ్చు బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేల్కొనుట, బడికి పంపుట, సెలవుపెట్టి ఆసుపత్రికి తీసికొనిపోవుట మున్నగు తల్లి శ్రమ ఈ లెక్కలో ఏ గడియందును చేరదు. సంరక్షణము వహించిన వారి నగదు వంతును ఆ మేరకు తగ్గించుట న్యాయమని నా అభిప్రాయము.

కావున పాళ్లను గూర్చి వాదించుటకంటె రాబడిని నిరూపించుట ఇచట ముఖ్యము. ఫ్యాక్టరీ కరెంటు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, గనుల శాఖకు కట్టిన రాయల్టీ, బ్యాంకు ఖాతాల నకళ్లు, తోట గుత్త కాగితములు: ఇవియన్నియు తండ్రి యధీనమున నుండునవి. తనకు మాత్రమే ప్రత్యేకముగ తెలిసిన సంగతిని తానే రుజువు చేయవలయునన్న పూర్వపు సాక్ష్యచట్టపు 106వ సెక్షను, నేటి భారతీయ సాక్ష్య అధినియమమున 109వదై నిలిచియున్నది. దానిని మనోవర్తి కేసులలో ఇంకను ధారాళముగ ప్రయోగింపవచ్చును. వ్యవసాయదారులకై 2020 తీర్పు ప్రత్యేకముగ ఒక అఫిడవిట్టు నమూనాను జతపరచి, భూమి విస్తీర్ణము, మాగాణియో మెట్టయో, ఆ యేట వేసిన పైరు, పశుసంపద, అప్పులు మున్నగువానిని తెలుపుమన్నది. మామిడి రైతునకు అది సరిపడును. నాపరాతి యజమాని మాత్రము వ్యవసాయేతరుల నమూనాలో చేరును; అందు వ్యాపారస్థులు తమ నికరాదాయమును తెలుపవలసియున్నను, తక్కువ అంకె నొకదానిని వ్రాసి తప్పించుకొనజూడగలడు.

వసూలునందును ఇదే వైషమ్యము. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారము మనోవర్తి డిక్రీ అమలున జీతములో మూడవవంతును విడిచి, తక్కిన రెండు వంతులను జప్తు చేయవచ్చును. ఉద్యోగి తప్పించుకొనుట కష్టము. జీతములేని తండ్రి విషయమున క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను ముఖ్య శరణ్యము. 2024 జూలై 1 నుండి అది నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. మతభేదము లేక అందరి బిడ్డలకును వర్తించు ఈ సెక్షనులో 500 రూపాయల పరిమితిని 2001లో తొలగించిరి. కుటుంబ న్యాయస్థానము లేని తావుల మెజిస్ట్రేటే విచారించును. ఆళ్లగడ్డ పుట్టింట నున్న తల్లి అచటనే కేసు వేయగా, బనగానపల్లె తండ్రి అచటికి రావలసినదే. ఇవ్వని ఒక్కొక్క నెలకు ఒక నెలవరకు ఖైదు విధింపవచ్చును. ఖైదు ననుభవించినంతమాత్రమున బాకీ తీరదని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చినది.

ఇన్ని బలములున్న ఈ సెక్షనుకు ఒక గడువు కలదు. బకాయి చెల్లింపవలసిన తేదీనుండి ఏడాదిలోపల దరఖాస్తు పడనిచో ఆ సొమ్మునకై వారంటు జారీ కాదు. నెలనెలా ఇవ్వవలసిన సొమ్మును ఏడాదికొకమారు పండెడి మామిడికి ముడిపెట్టి, “వచ్చే కాపుకంతా ఒకేసారి ఇచ్చేస్తాలే” యని పెద్దల యెదుట చెప్పుట ఈ ప్రాంతమున అసాధ్యమైన విషయము గాదు. ఆ కాపు తప్పినచో తల్లి మఱుసటి కాపు వరకు వేచియుండును. ఈలోగా తొలినెలల బకాయిలకు వారంటు దారి మూసికొనిపోవును. అందుచేత రాజీమాటలు నడచుచున్నను, పండ్రెండు నెలలు నిండకమునుపే దరఖాస్తును కోర్టులో వేసి నంబరు పొందుట వకీలు చేయవలసిన మొదటి పని.