జట్టు కట్టే క్రియలు: రెండు ఇంగ్లీషుల చరిత్ర

ఉద్యోగాల కోసం ఇంగ్లీషు నేర్చుకునే మన యువకుల చేతికి ఇవాళ ఒక పట్టిక అందుతోంది. టీమ్ అప్, పిచ్ ఇన్, చిప్ ఇన్, పుల్ టుగెదర్, బ్యాక్ అప్ వంటివి అందులో ఉంటాయి. నలుగురితో కలిసి పనిచెయ్యడాన్ని చెప్పే క్రియలివి. కోఆపరేట్, కొలాబరేట్ అనే బరువైన మాటలకు ఇవి తేలిక రూపాలనీ, ఇంటర్వ్యూలో సహజంగా వినిపిస్తాయనీ చెప్పి బట్టీ పట్టిస్తారు. ఇది సగం నిజం. మాటల బరువులో ఉన్న ఈ తేడా వెనుక మనుషుల బతుకుల్లో ఉన్న తేడా ఉంది. కలిసి పనిచెయ్యడాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో రెండు భాషలున్నాయి. ఒకటి పొలంలోనూ పడవమీదా మిల్లులోనూ పెరిగింది. రెండోది కోర్టులోనూ కచేరీలోనూ పెరిగింది. ఈ చరిత్ర వదిలేసి పట్టిక మాత్రమే నేర్చుకుంటే మాటకు అర్థం తెలుస్తుంది గాని, ఆ మాట ఎవరి పక్షాన నిలబడిందో తెలియదని నా అభిప్రాయం.

ముందు వ్యాకరణం సంగతి చూద్దాం. ఒక చిన్న క్రియకు ఇన్, అప్, అవుట్ వంటి మాట తోడై, రెండింటిలోనూ విడిగా లేని కొత్త అర్థం పుట్టడం తెలుగువాళ్లకు వింత కాదు. మేలుకొను, తలపడు, చేపట్టు వంటి వాటిని మన వ్యాకరణాలు శబ్దపల్లవాలన్నాయి. శత్రువుతో తలపడినప్పుడు తలా పడదు, పడడమూ ఉండదు. ఇంగ్లీషులో ఈ పద్ధతి 12వ శతాబ్దపు పీటర్‌బరో వృత్తాంతంలోనే కనిపిస్తుంది. 1755లో తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్, పరదేశీయులను అన్నిటికంటె ఎక్కువగా ఇబ్బందిపెట్టేవి ఈ జంట క్రియలేనని గుర్తించాడు. అయినా వీటికి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు గ్రంథానికెక్కింది 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకం ద్వారా. ఆ పేరు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ. ప్రజల నోట శతాబ్దాల తరబడి నలిగిన మాటలకు పండితులు పేరు పెట్టడానికి అంత కాలం పట్టింది.

ఈ ఆలస్యం యాదృచ్ఛికం కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక పాలన, న్యాయం ఫ్రెంచిలోనూ లాటిన్‌లోనూ సాగాయి. దున్నేవాడి ఇంగ్లీషు దున్నేవాడి దగ్గరే ఉండిపోయింది. దొరల నుంచీ పండితుల నుంచీ దిగివచ్చిన మాటలకు గౌరవం దక్కింది, కింద మిగిలిన మాటలకు మోటుదనమనే పేరొచ్చింది. గ్రాంథికానికీ వ్యావహారికానికీ మధ్య గిడుగు రామమూర్తి (1863-1940) చేసిన పోరాటం తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ మోటు మాటల్లో ఏముందో చూడండి. టీమ్ అంటే పాత ఇంగ్లీషులో సంతానం, ఆపైన ఒకే కాడికి కట్టిన పశువుల వరస. మనుషుల జట్టు అనే అర్థం ఆ తర్వాత వచ్చింది. అమెరికాలో గుర్రబ్బళ్లు తోలేవాళ్లను టీమ్‌స్టర్లన్నారు. 1903లో వాళ్లు పెట్టుకున్న యూనియన్, బళ్లు పోయి లారీలు వచ్చాక కూడా ఆ పేరుతోనే నడుస్తోంది. పుల్ అనేది పడవ తెడ్లు లాగడానికి నావికులు వాడే మాట. లాగే చేతులన్నీ ఒక్క లయలో పడకపోతే పడవ ముందుకు పోదు. పిచ్ అంటే పంగలకర్రతో గడ్డిని పైకి విసరడం. గ్యాంగు అనే మాట మన రైలుపట్టాల మీదికి కూడా వచ్చి గ్యాంగుమన్ అయింది. పట్టా ఎత్తడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

19వ శతాబ్దంలో లాంకషైర్ మిల్లు కార్మికులు సమ్మెను టర్న్ అవుట్ అన్నారు. 1842లో అక్కడి కార్మికులు ఊరేగింపుగా ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు వెళ్లి, బాయిలర్ల బిరడాలు పీకి, లోపలివాళ్లను బయటకు రప్పించారు. ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో ఈ సమ్మెల ప్రస్తావన ఉంది. యజమానుల జవాబుకు కూడా జంట క్రియే దొరికింది. అది లాక్ అవుట్. ఒకే అవుట్, ఒకదానిలో కార్మికుడు తలుపు తీసుకుని బయటికొస్తాడు, రెండోదానిలో యజమాని తలుపు వేసి తాళం పెడతాడు.

కోర్టు భాష ఇదే పనిని ఇంకో పేరుతో పిలిచింది. 1799, 1800 సంవత్సరాల చట్టాలు కార్మికులు కూడడాన్ని కాంబినేషన్ పేరుతో నిషేధించాయి. ఆ చట్టాలు 1824లో రద్దయ్యాయి. అయినా 1834లో టోల్‌పడల్ గ్రామానికి చెందిన ఆరుగురు వ్యవసాయ కూలీలను, సంఘం పెట్టుకుని రహస్య ప్రమాణం చేసినందుకు, ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. కాన్‌స్పిరసీకి లాటిన్ మూలంలో ఉన్న అర్థం కలిసి శ్వాసించడం. న్యాయస్థానం చేతిలో అది కుట్ర అయింది. ఆ మాట మనకూ దిగుమతి అయింది. 1929లో మీరట్‌లో కార్మిక నాయకుల మీద కుట్ర కేసు పెట్టారు. 1974లో సికింద్రాబాదు కుట్ర కేసులో రచయితలను ముద్దాయిలుగా నిలబెట్టారు. 1989లో ఆ కేసు కొట్టివేయబడింది. కలిసి రాయడం, కలిసి మాట్లాడడం ఏ భాషలో నేరమవుతుందో మనకు అనుభవంలో ఉంది.

మనకు ఇంగ్లీషు వచ్చిన దారి ఈ రెండో దారే. 1835 నాటి మెకాలే విద్యా విధానం కోరింది పాలకులకూ పాలితులకూ మధ్య నిలిచే దుబాసీ వర్గాన్ని. అందుకే మన చదువుకున్నవాళ్ల ఇంగ్లీషులో కోఆపరేట్ ముందు వచ్చింది, పిచ్ ఇన్ చాలా ఆలస్యంగా వచ్చింది.

ఐతే ఆ బరువైన మాటనే ఎదురు తిప్పిన సందర్భం కూడా మన చరిత్రలో ఉంది. 1919 నవంబరులో ఢిల్లీ ఖిలాఫత్ సభలో గాంధీ తన ఆలోచనకు హిందీలోనో ఉర్దూలోనో తగిన మాట తట్టక నాన్-కోఆపరేషన్ అనే ఇంగ్లీషు మాట వాడానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. తెలుగు దాన్ని సహాయ నిరాకరణం అంది. ఈ అనువాదం మూలం కంటె నిజాయితీగా ఉందని నేననుకుంటాను. సహకారమంటే సమానులు కలిసి చేసేది. తెల్లదొరకు మనం చేస్తున్నది సహకారం కాదు, వట్టి సహాయమేనని ఆ మాట తేల్చింది. దొరకు సహాయం మానిన చోట ప్రజలు ఒకరికొకరు తోడయ్యారు. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్ను కట్టబోమని ఊరు ఖాళీ చేసినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామదండు నిలిచింది. ఆ దండుకు టీమ్‌వర్క్ పాఠాలు ఎవరూ చెప్పలేదు.

మరి ఇవాళ కంపెనీలు జట్టు మాటలను ఎందుకు అంతగా ప్రేమిస్తున్నాయి? మార్క్స్ పెట్టుబడి మొదటి సంపుటంలో (1867) సహకారం మీద ఒక అధ్యాయమే రాశాడు. పదిమంది కలిసినప్పుడు పదిమంది విడివిడి బలాన్ని మించిన కొత్త శక్తి పుడుతుంది. యజమాని కూలి కట్టేది ఒక్కొక్కరికి విడిగానే, ఆ కొత్త శక్తి మాత్రం అతనికి ఉచితంగా దక్కుతుంది. 1911లో ఫ్రెడరిక్ టేలర్ తన శాస్త్రీయ యాజమాన్య గ్రంథంలో సహకారాన్ని తెగ మెచ్చుకున్నాడు. అదే గ్రంథంలో, బెత్లెహామ్ ఉక్కు కర్మాగారంలో ప్రత్యేక అనుమతి లేకుండా ఒక గ్యాంగులో నలుగురికి మించి పనిచెయ్యకూడదన్న ఉత్తర్వు గురించీ చెప్పాడు. అంటే యాజమాన్యంతో సహకారం కావాలి, కార్మికుల్లో కార్మికులు కూడడం మాత్రం వద్దు. కాడి మాట కంపెనీకి నచ్చడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. కాడికి కట్టిన పశువులు కలిసే లాగుతాయి, కాని ఎటు దున్నాలో అవి నిర్ణయించవు.

కాబట్టి మన విద్యార్థులు ఈ క్రియలు నేర్చుకోవద్దని నేననను. బాగా నేర్చుకోవాలి. ఇవి శ్రామికుల మాటలు, మన శబ్దపల్లవాలకు చుట్టాలు. నేర్చుకునేటప్పుడు ప్రతి క్రియనూ రెండు ప్రశ్నలు అడగాలి: ఎవరితో కలిసి? ఎవరి పనికోసం? వ్యాకరణ పుస్తకం మొదటి ప్రశ్నకు విత్ అనే విభక్తి చూపించి ఊరుకుంటుంది. రెండో ప్రశ్న దాని పరిధిలోకి రాదు.

రచయితలకు కూడా ఇందులో పని ఉంది. టీమ్‌వర్క్‌ను బృందకార్యమని అనువదిస్తే మోటు మాటకు మళ్లీ పట్టుబట్ట చుట్టినట్టే. జట్టు కట్టడం, చేతులు కలపడం, తలా ఒక చెయ్యి వెయ్యడం, నడుం బిగించడం మన కూలి జనం నోట సజీవంగా ఉన్నాయి. నాట్ల దగ్గరా కళ్లాల దగ్గరా పుట్టిన ఈ మాటలను యాజమాన్య శిక్షణ పుస్తకాలు ఎత్తుకుపోకముందే మన కథల్లోకీ వ్యాసాల్లోకీ తెచ్చుకోవాలి.